ఎడారి ఎండలో ఇంటి చెట్టు: ఫీనిక్స్‌లో గుంట తవ్వే రోజు నుంచి పెద్దయ్యే దాకా

మూడేళ్ళ క్రితం జూలైలో ఒక రాత్రి గాలిదుమారం లేచింది, వెనకే వాన దంచింది, తెల్లారి తలుపు తీసేసరికి మా ఇంటి ముందున్న మెస్కీట్ చెట్టు వేళ్ళతో సహా పక్కకి పడి ఉంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మేము ఈ ఇల్లు కొనేనాటికే అది పెద్ద చెట్టు, పడమటి ఎండ హాల్లోకి రాకుండా ఆపేది అదే. దగ్గరికి వెళ్ళి వేళ్ళు చూశాను. అంత చెట్టుకీ వేళ్ళ ముద్ద ఒక పెద్ద గంపంత ఉంది. తాడు చుట్టినట్టు గుండ్రంగా తిరిగిన వేళ్ళు, అన్నీ మాను పక్కన ఎప్పుడో బిగించిన రెండు డ్రిప్ ఎమిటర్ల (గొట్టానికి బిగించి నీళ్ళు చుక్కలుగా వదిలే చిన్న బిరడాల) దగ్గరే చేరి ఉన్నాయి. రోజూ పది నిమిషాలు నీళ్ళు అక్కడే పడుతుంటే వేరు ఇంకెక్కడికి వెళ్తుంది? ఈ మెస్కీట్ జాతి చెట్టు వేరు ఒకటి టూసాన్ దగ్గర రాగి గని తవ్వుతుంటే 50 మీటర్ల పైచిలుకు లోతులో దొరికింది. అంత లోతుకి వెళ్ళగల చెట్టుని మేము గంపలో పెంచాం.

అప్పటినుంచి ఈ విషయం మీద చాలా చదివాను, చాలా తవ్వాను, పక్కిళ్ళ చెట్లు కూడా చూస్తూ వస్తున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఇక్కడ ఇంటి చెట్లలో ఎండకి చచ్చేవాటికంటే మనం నీళ్ళు పోసే తీరుకి చచ్చేవే ఎక్కువ. కాబట్టి ఈ వ్యాసంలో సగం నీళ్ళ గురించే ఉంటుంది. మిగతా సగం కూడా తిరిగి తిరిగి నీళ్ళ దగ్గరికే వస్తుంది.

ముందు ఈ నేలని అర్థం చేసుకోండి

మన దగ్గర కరువు జిల్లా అంటే అనంతపురం గుర్తొస్తుంది. అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది. ఫీనిక్స్‌లో పడేది 183 మిల్లీమీటర్లు. అది కూడా రెండు విడతల్లో, చలికాలంలో మెల్లగా కొంత, జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఉండే మాన్‌సూన్‌లో దబదబా కొంత. 1990 జూన్ 26న ఇక్కడ 122 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. 2023లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీలకి తగ్గలేదు, రాత్రిపూట కూడా 90 కిందకి దిగని రోజులు వరసగా వచ్చాయి. ఆ వేసవిలో ఈ ఎడారిలోనే పుట్టిన సగువారో కాక్టస్‌లు కూడా కూలిపోయాయి. పగటి ఎండ ఒక్కటే అయితే చెట్టు ఎలాగో ఓర్చుకుంటుంది, రాత్రి చల్లబడకపోతే మాత్రం దానికి తేరుకునే టైమ్ ఉండదు.

నేల సంగతి ఇంకోటి. క్షారం ఎక్కువ, పీహెచ్ 8 పైన ఉండటం మామూలే. చాలా చోట్ల అడుగో రెండడుగులో తవ్వగానే సిమెంటు లాంటి తెల్లటి పొర తగులుతుంది, గునపం వేస్తే ఠంగుమంటుంది. దీన్ని ఇక్కడ కాలిచీ అంటారు. సున్నం గట్టిపడి ఏర్పడిన పొర అది. దానిలోంచి నీళ్ళు ఇంకవు, వేరు దిగదు. పైగా కుళాయి నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. ఈ మూడూ గుర్తుంటే ఇకముందు చెప్పే ప్రతి పనికీ కారణం తెలుస్తుంది.

ఏ చెట్టు పెట్టాలి

నర్సరీకి వెళ్ళే ముందే తేల్చుకోండి. అక్కడికి వెళ్ళాక పచ్చగా నిగనిగలాడేదే కావాలనిపిస్తుంది.

నా మొదటి సలహా పాలో వెర్డే. స్పానిష్‌లో ఆ పేరుకి పచ్చ కర్ర అని అర్థం, మాను కూడా పచ్చగానే ఉంటుంది. నీళ్ళు చాలనప్పుడు ఆకు రాల్చేసి ఆ పచ్చ బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. అరిజోనా రాష్ట్ర వృక్షం ఇదే. ఇంటి ముందుకైతే డెసర్ట్ మ్యూజియం అనే రకం అడగండి, మూడు జాతుల సంకరం, ముళ్ళుండవు, త్వరగా పెరుగుతుంది, వసంతంలో చెట్టంతా పసుపు ముద్దలా పూస్తుంది. పూలు రాలి కింద తివాచీలా పడతాయి కాబట్టి స్విమ్మింగ్ పూల్ పక్కన మాత్రం వద్దు.

మెస్కీట్ మన జమ్మికీ సర్కారు తుమ్మకీ దగ్గరి చుట్టం. ఆకు చూస్తే మీకే తెలిసిపోతుంది. దసరాకి మా ఇంట్లో జమ్మి స్థానంలో పెట్టేది మెస్కీట్ కొమ్మే. నీడ బాగా ఇస్తుంది, కానీ చిలీ రకానికి నీళ్ళెక్కువైతే పైన ఆవురావురుమని పెరిగి కింద పట్టు లేకుండా పోతుంది, మాన్‌సూన్ గాలికి ముందు పడేది అదే. ఇక్కడి సొంత రకం వెల్వెట్ మెస్కీట్ కాస్త నిదానం, కానీ నమ్మొచ్చు. ఐరన్‌వుడ్ ఇంకా నిదానం, దాని చెక్క నీళ్ళలో మునుగుతుంది, అంత బరువు. ఓపిక ఉన్నవాళ్ళు పెట్టుకుంటే మనవళ్ళ దాకా ఉంటుంది. చిన్న జాగా అయితే డెసర్ట్ విల్లో బాగుంటుంది, వేసవంతా గులాబీ రంగు గొట్టం పూలు పూస్తుంది, చలికాలంలో ఆకు రాలుస్తుంది.

సిస్సూ చెట్టు గురించి ఒక మాట. మన దేశపు చెట్టే, మూడు నాలుగేళ్ళలో ఇంటంత అవుతుంది, అందుకే మనవాళ్ళు చాలామంది పెట్టారు. పెద్దయ్యాక దాని వేళ్ళు గోడ కిందకీ, నడిచే బాట కిందకీ పోయి పైకి లేపుతాయి, ఇరవై ముప్పై అడుగుల దూరంలో పిలకలు లేస్తాయి. చిన్న పెరట్లో వద్దనే చెప్తాను. వేప, మామిడి, మునగ మన ప్రాణం కాబట్టి పెట్టుకుంటాం, తప్పేం లేదు, కానీ వాటికి ఎండ కంటే చలి ప్రమాదం ఎక్కువ, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇక్కడ విద్యుత్తూ నీళ్ళూ సరఫరా చేసే సాల్ట్ రివర్ ప్రాజెక్ట్ వాళ్ళకి షేడ్ ట్రీ ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది. వాళ్ళ కస్టమర్లు చిన్న క్లాసు విని రెండు ఎడారి చెట్లు ఉచితంగా తీసుకోవచ్చు. కొనే ముందు అది ఒకసారి చూసుకోండి.

నర్సరీలో పెద్ద డబ్బాలో ఉన్న ఖరీదైన చెట్టు కంటే 5 గ్యాలన్లదో 15 గ్యాలన్లదో చిన్న చెట్టే మేలు. డబ్బాలో ఎక్కువకాలం ఉన్న చెట్టుకి వేళ్ళు గుండ్రంగా తిరిగి ఉంటాయి, ఆ వంకర నేలలో పెట్టాక కూడా పోదు. డబ్బా పైన వేలితో మట్టి కొంచెం తీసి చూడండి, మాను చుట్టూ వేరు చుట్టుకుని ఉంటే అది వదిలేసి ఇంకోటి తీసుకోండి.

ఎక్కడ, ఎప్పుడు

ఇంటికి పడమర, నైరుతి వైపు. కరెంటు బిల్లు తగ్గేది అక్కడ నీడ పడితేనే. తూర్పు వైపు రెండో ప్రాధాన్యం. గోడకి కనీసం పది పదిహేను అడుగులు వదలండి, పెద్ద రకమైతే ఇంకా ఎక్కువ. పడమటి ఎండకి కాలిన బ్లాక్ గోడ రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటుంది, దానికి ఆనించి లేత చెట్టు పెడితే రెండు వైపుల నుంచీ కాలిపోతుంది. పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి.

నాటడానికి అక్టోబర్, నవంబర్ అన్నిటికంటే మంచి నెలలు. గాలి చల్లబడి, నేలలో వెచ్చదనం ఇంకా ఉంటుంది, చలికాలమంతా వేరు పని చేసుకుంటుంది, మే నెల ఎండ వచ్చేసరికి చెట్టు సిద్ధంగా ఉంటుంది. అది తప్పితే ఫిబ్రవరి, మార్చి. చలికి తట్టుకోలేని మామిడి, నిమ్మ లాంటివి మాత్రం మార్చిలోనే పెట్టండి. జూన్‌లో సేల్ పెట్టారని తెచ్చి నాటకండి.

గుంట తవ్వడం

పార పట్టుకునే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్ లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వచ్చి నేల మీద రంగులతో గీతలు గీసి వెళ్తారు, డబ్బులు తీసుకోరు, రెండు పనిదినాలు ముందు చెప్పాలి.

గుంట లోతు డబ్బాలో ఉన్న మట్టి ముద్ద ఎంతో అంతే, ఒక్క అంగుళం కూడా ఎక్కువ వద్దు. వెడల్పు మాత్రం దానికి మూడు నుంచి ఐదు రెట్లు. మన ఊళ్ళో కొబ్బరి మొక్కకి లోతుగా గొయ్యి తీసే అలవాటు ఉంది కదా, ఇక్కడ అలా చేస్తే పోసిన నీళ్ళకి మట్టి కుంగి, మాను మెడదాకా పూడిపోయి కుళ్ళుతుంది. వేరు పక్కకి పోతుంది కాబట్టి పక్కలే గుల్లగా ఉండాలి.

తవ్వాక గుంట నిండా నీళ్ళు పోయండి. ఇంకాక ఇంకోసారి పోయండి. మర్నాటికి కూడా నీళ్ళు నిలబడి ఉంటే కింద కాలిచీ ఉన్నట్టే. మా పెరట్లో రెండోరోజు సాయంత్రానికి కూడా పిల్లలు కాగితం పడవ వదిలేంత నీళ్ళున్నాయి. అప్పుడు రెండే దారులు. పొర పలచగా ఉంటే గునపంతోనో, అద్దెకి దొరికే జాక్‌హ్యామర్‌తోనో కింద మంచి మట్టి తగిలేదాకా పొడిచి రెండు మూడు బొక్కలు పెట్టడం. పొర మందంగా ఉంటే ఆ చోటు వదిలేసి పది అడుగులు జరగడం. నేను జరిగాను. అక్కడ రెండడుగుల లోతు దాకా గునపం మెత్తగా దిగింది.

చెట్టు పెట్టాక తీసిన మట్టే తిరిగి పోయండి. కంపోస్టు, ఎరువు, కొన్న మట్టి ఏవీ కలపకండి, ఎడారి చెట్లకి అసలే వద్దు. గుంటలో మాత్రం మెత్తటి తీపి మట్టి ఉంటే వేరు ఆ గుంట దాటి బయటికి రాదు, గుంటే దానికి ఇంకో డబ్బా అయిపోతుంది. సగం పోశాక నీళ్ళు పెట్టి మట్టి కుదురుకోనివ్వండి, తర్వాత మిగతాది. చుట్టూ పాదు కట్టండి, మాను దగ్గర కాస్త ఎత్తుగా ఉండి నీళ్ళు అంచులవైపు నిలిచేలా.

నర్సరీ వాళ్ళు మానుకి బిగించి కట్టిన సన్నటి కర్ర ఉంటుంది, దాన్ని ఆరోజే తీసేయండి. చెట్టు సొంతంగా నిలబడితే ఏ ఊతా వద్దు. నిలబడకపోతే రెండు కర్రలు మట్టి ముద్ద బయట పాతి, వెడల్పాటి మెత్తని పట్టీతో వదులుగా కట్టండి. గాలికి మాను ఊగాలి. ఊగితేనే అడుగు లావెక్కుతుంది, వేరు పట్టు పెంచుకుంటుంది. ఏడాది తర్వాత ఆ కర్రలు కూడా తీసేయాలి. మా వీధిలో ఆరేళ్ళ చెట్టుకి కట్టిన తీగ బెరడులోకి కోసుకుపోయి, దానిమీద బెరడు మూసుకుపోయింది. ఆ చెట్టు సరిగ్గా అక్కడే విరిగింది.

నీళ్ళు

మూడు ప్రశ్నలు: ఎంత లోతుకి, ఎంత దూరంలో, ఎన్ని రోజులకి. ఎన్ని నిమిషాలు అనేది ఈ మూడిటికీ జవాబు దొరికాక వస్తుంది. అందరూ దానితోనే మొదలుపెడతారు, నేనూ దానితోనే మొదలుపెట్టాను.

లోతు. ఇక్కడ 1-2-3 అని ఒక లెక్క చెప్తారు. పూలమొక్కలకి ఒక అడుగు తడవాలి, పొదలకి రెండడుగులు, చెట్లకి మూడడుగులు. నీళ్ళు పెట్టిన మర్నాడు మూడడుగుల ఇనుప చువ్వ ఒకటి నేలలోకి గుచ్చండి. తడి ఉన్నంతవరకూ వెన్నలో కత్తిలా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. చువ్వ మీద బొటనవేలు పెట్టి బయటికి తీసి కొలుచుకోండి. మొదటిసారి మా ఇంట్లో గుచ్చితే ఐదు అంగుళాల దగ్గర ఆగింది. రోజూ నీళ్ళు పడుతున్న చోట ఐదు అంగుళాలు! పైన నేల ఎప్పుడూ తడిగా కనిపిస్తుంటే లోపల ఎండిపోయి ఉందని ఎవరనుకుంటారు? ఈ చువ్వ ఐదారు డాలర్లు ఉంటుంది, చెట్టు ఉన్న ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలి.

దూరం. నీళ్ళు తాగే సన్న వేళ్ళు మాను దగ్గర ఉండవు. మధ్యాహ్నం పన్నెండింటికి కొమ్మల నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ అంచు దగ్గరా, దాని బయటా ఉంటాయి. ఎమిటర్లు అక్కడే ఉండాలి, చుట్టూ సమంగా. చెట్టు పెరిగే కొద్దీ వాటినీ బయటికి జరుపుతూ, సంఖ్య పెంచుతూ పోవాలి. నాటిన ఏడాది మట్టి ముద్ద అంచున రెండు, మూడో ఏడాదికి నాలుగు, పది అడుగుల గుబురు వచ్చేసరికి ఆరు. మా మెస్కీట్ విషయంలో ఎవరూ చేయని పని ఇదే.

రోజులు. వేళ్ళూనుకున్న ఎడారి చెట్లకి, అంటే నాటి మూడేళ్ళు దాటిన పాలో వెర్డే, మెస్కీట్, ఐరన్‌వుడ్ లాంటివాటికి, వేసవిలో 7 నుంచి 21 రోజులకి ఒకసారి చాలు. వసంతంలోనూ శరదృతువులోనూ 14 నుంచి 30 రోజులకి. చలికాలంలో 30 నుంచి 60 రోజులకి. ఎక్కువ నీళ్ళు అడిగే చెట్లకి వేసవిలో 7 నుంచి 10 రోజులకి, చలికాలంలో 14 నుంచి 30 రోజులకి. నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు. 112 డిగ్రీల ఎండలో పది రోజులు నీళ్ళు కట్టేసి కూర్చోవడం చాలా టెన్షన్‌గా ఉంటుంది. అలాంటప్పుడు టైమర్ జోలికి వెళ్ళకుండా చువ్వ తీయండి. ఆరంగుళాల కింద తడి తగిలితే చెట్టు బాగానే ఉంది.

ఈ మూడూ తెలిశాక ఇక నిమిషాల లెక్క. గంటకి 4 గ్యాలన్లు వదిలే ఎమిటర్లు ఆరు, నాలుగు గంటలు నడిస్తే 96 గ్యాలన్లు. మీ మట్టిలో అది మూడడుగులు దిగిందా లేదా చువ్వ చెప్తుంది. ఇసుక నేల అయితే తొందరగా దిగుతుంది, బంకమట్టి అయితే ఐదారు గంటలు పట్టొచ్చు, నీళ్ళు పైన పారిపోతుంటే రెండు గంటలు నడిపి, గంట ఆపి, మళ్ళీ రెండు గంటలు నడపండి. తెల్లవారుజామున పెట్టుకుంటే మంచిది.

ఇక్కడ పెద్ద చిక్కు ఒకటుంది. చాలా ఇళ్ళలో చెట్లకీ పొదలకీ కలిపి ఒకటే వాల్వు ఉంటుంది. పొదకి సరిపడా నడిపితే చెట్టుకి చాలవు, చెట్టుకి సరిపడా నడిపితే పొద కుళ్ళుతుంది. వీలుంటే చెట్లకి విడిగా వాల్వు వేయించండి, ఈ ఇంటి మీద పెట్టే ఖర్చుల్లో నా లెక్కలో ఇది ముందుండాలి. వీలు కాకపోతే టైమర్‌ని పొదలకి వదిలేసి, చెట్టుకి రెండు వారాలకోసారి గొట్టం తీసుకెళ్ళి, సన్నటి ధారగా వదిలి, గంటకోసారి చోటు మారుస్తూ చుట్టూ తిప్పండి. ఆదివారం పూట ఇంట్లో పని చేసుకుంటూనే చేసేయొచ్చు.

కొత్త చెట్టుకి మాత్రం లెక్క వేరు. వేసవిలో నాటాల్సి వస్తే మొదటి రెండు వారాలు రోజూ గానీ రోజు మార్చి రోజు గానీ, తర్వాత రెండు వారాలు మూడు నాలుగు రోజులకి, అలా పెంచుకుంటూ రెండో నెల చివరికి వారానికి ఒకసారికి రావాలి. అక్టోబర్‌లో నాటితే మూడు నాలుగు రోజులతో మొదలుపెట్టి రెండు నెలల్లో పది పద్నాలుగు రోజులకి తెచ్చేయొచ్చు.

ఈ నీళ్ళలోని సున్నం వల్ల ఎమిటర్లు మూసుకుపోతాయి. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబర్‌లోనూ, గొట్టం చివరి మూత తీసి ఒక నిమిషం నీళ్ళు బయటికి పోనివ్వండి. తర్వాత వాల్వు తెరిచి ఒక్కో ఎమిటర్ దగ్గరా కూర్చుని చూడండి. నీళ్ళు రానిది పీకేసి కొత్తది పెట్టండి, శుభ్రం చేస్తూ కూర్చోవడం దండగ. ఆకుల కొసలు మాడినట్టు గోధుమరంగు అవుతుంటే సాధారణంగా అది ఉప్పు పేరుకోవడం. వేసవిలో ఒకసారి మామూలు కంటే రెట్టింపు సేపు నీళ్ళు వదిలితే ఆ ఉప్పు వేళ్ళ కిందకి దిగిపోతుంది. రోజూ కాసిన్ని నీళ్ళు పెట్టే ఇళ్ళలో ఆ ఉప్పు సరిగ్గా వేళ్ళ దగ్గరే కూర్చుంటుంది.

నేల పైన కప్పు

ఇక్కడ అందరూ చిన్న కంకర పరుస్తారు, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళకీ అదే ఇష్టం. కంకర ఫర్వాలేదు, కానీ దాని కింద నల్ల ప్లాస్టిక్ పరిచి ఉంటే చెట్టు చుట్టూ నీడ పడేంత మేర కోసి తీసేయండి, గాలీ నీళ్ళూ ఆడవు. పెరట్లో అయితే చెక్క పొట్టు మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి, మానుకి తగలకుండా ఆరంగుళాలు వదిలి. ఆగస్టు మధ్యాహ్నం కంకర మీద చెయ్యి పెట్టలేం, పక్కనే పొట్టు కింద చెయ్యి పెడితే చల్లగా తడిగా ఉంటుంది.

బెరడుకి ఎండదెబ్బ

ఇది చాలామందికి తెలియదు. మనిషికి తగిలినట్టే చెట్టు బెరడుకీ ఎండ తగులుతుంది, ముఖ్యంగా నైరుతి వైపు. బెరడు ముందు పసుపుగా మారి, తర్వాత పగిలి, పెచ్చులుగా ఊడుతుంది. ఆ పగుళ్ళలోంచి సూటీ కేంకర్ అనే బూజు దూరుతుంది, బెరడు కింద మసి పూసినట్టు నల్లగా కనిపిస్తుంది. నిమ్మ జాతికీ, మల్బరీకీ, ఫైకస్‌కీ ఇది ప్రాణాంతకం. నిమ్మ, నారింజ చెట్ల కింది కొమ్మలు నేలదాకా వేలాడనివ్వండి, ఆ గౌనే వాటికి గొడుగు. మాను బయటపడి ఉంటే నీళ్ళ ఆధారిత తెల్ల లేటెక్స్ పెయింట్‌లో సమానంగా నీళ్ళు కలిపి పూయండి. ఆయిల్ పెయింట్ వాడకూడదు. లేత మామిడికైతే మొదటి రెండు మూడు వేసవులు పడమర వైపు సగం ఎండ ఆపే షేడ్ క్లాత్ కట్టాలి, చెట్టుకి తగలకుండా నాలుగు కర్రల మీద.

కత్తిరింపు

జూన్ వచ్చేసరికి ఇంటికి వచ్చి తలుపు కొట్టి, మాన్‌సూన్ వస్తోంది, చెట్టు పలచన చేయకపోతే పడిపోతుంది అని భయపెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చేసేదేంటంటే లోపలి చిన్న కొమ్మలన్నీ గొరిగేసి, చివర్లలో మాత్రం సింహం తోకలాగా గుత్తులు వదులుతారు. బరువంతా కొసలకి చేరి కొమ్మ ఇంకా సులువుగా విరుగుతుంది, నీడ పోయిన మానుకి ఎండదెబ్బ తగులుతుంది. పై సగం అడ్డంగా నరికేయడం ఇంకా దారుణం.

ఏడాదిలో నాలుగో వంతు ఆకుకంటే ఎక్కువ ఎప్పుడూ తీయకండి. తీయాల్సింది ఎండిన కొమ్మ, ఒకదానికొకటి రాసుకునే కొమ్మ, దారి మీదకో కప్పు మీదకో వచ్చిన కొమ్మ, ఇంతే. లేత చెట్టుకి కింది కొమ్మలు మూడు నాలుగేళ్ళు ఉంచండి, మానుకి నీడా ఇస్తాయి, లావునీ ఇస్తాయి, తర్వాత ఏడాదికి ఒకటీ రెండూ తీసుకుంటూ పోవచ్చు. కొమ్మ మానుని కలిసే చోట కొంచెం ఉబ్బెత్తుగా మెడలాంటిది ఉంటుంది, ఆ మెడ వదిలి బయట కోయండి. కోత మీద తారు, పసుపు, మందు ఏమీ పూయకండి, చెట్టే మూసుకుంటుంది. పాలో వెర్డే, మెస్కీట్‌లకి పూత అయిపోయాక మే నెలలో కొద్దిగా చేస్తే చాలు, జూలై, ఆగస్టుల్లో పెద్ద కోతలు పెట్టకండి. నిమ్మ జాతికి ఫిబ్రవరి, మార్చి.

ఎత్తైన ఫ్యాన్ పామ్ చెట్టు మీదకి మాత్రం మీరు ఎక్కకండి, అనుభవం లేనివాళ్ళని ఎక్కించకండి. ఎండిన మట్టలు ఏళ్ళ తరబడి పేరుకున్న చెట్టుని కింది నుంచి కోస్తూ పోతే పైనున్న బరువంతా ఒక్కసారి జారి మీద పడుతుంది, ఊపిరాడక మనుషులు చనిపోయారు. ఐఎస్ఏ (చెట్ల సంరక్షణ నిపుణుల అంతర్జాతీయ సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్‌ని, అంటే చెట్ల నిపుణుణ్ణి పిలిచి, ఇన్సూరెన్స్ కాగితం అడిగి చూసి చేయించండి. పామ్‌కి పూర్తిగా ఎండిన మట్టలే తీయించాలి, పచ్చమట్టలు కొట్టి జుట్టుముడిలా చేస్తే చెట్టు నీరసపడుతుంది.

పురుగులు, బదనికలు, పసుపు ఆకులు

జూన్, జూలై రాత్రుళ్ళు మూడంగుళాల నల్లటి పురుగు ఒకటి దీపం దగ్గరికి ఎగిరొస్తుంది, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. పాలో వెర్డే బీటిల్ అది. దాని పిల్లపురుగులు మూడేళ్ళ దాకా నేలలో వేళ్ళు తింటూ బతుకుతాయి, పెద్దవై వచ్చేటప్పుడు చెట్టు కింద బొటనవేలు పట్టేంత రంధ్రాలు వదిలిపోతాయి. రంధ్రాలు చూసి మందులు పోయకండి, అవి అప్పటికే వెళ్ళిపోయాయి, మందు అంత లోతుకి దిగదు కూడా. బలంగా ఉన్న చెట్టు వీటిని తట్టుకుంటుంది, దాహంతో ఉన్న చెట్టే దెబ్బతింటుంది.

మన మామిడి చెట్ల మీద బదనిక పడుతుంది కదా, ఇక్కడ మెస్కీట్, పాలో వెర్డేల మీదా అలాంటిదే పడుతుంది. ఫైనోపెప్లా అనే నల్లని పిట్ట దాని ఎర్రటి పళ్ళు తిని గింజలు కొమ్మల మీద వదులుతుంది. చిన్న కొమ్మ మీద ఉంటే దాని కింద ఒక అడుగు వదిలి కోసేయండి, పెద్ద కొమ్మ మీద ఉంటే ఏటా చేత్తో విరిచేస్తే చాలు. ఒకటీ అరా ఉన్నా చెట్టుకి ఏమీ కాదు, ఆ పిట్టకి చలికాలపు తిండి అది.

ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని. నేలలో ఇనుము ఉంటుంది, క్షారం వల్ల వేరు తీసుకోలేదు. దుకాణంలో ఇనుము చీలేట్ అడిగి, అందులో ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నదే తీసుకోండి, మిగతా రకాలు ఈ మట్టిలో పని చేయవు. కానీ అది కొనే ముందు నీళ్ళు ఎక్కువ పెడుతున్నారేమో చూడండి, ఎప్పుడూ తడిలో ఉన్న వేరుకీ ఇదే లక్షణం. ఎడారి చెట్లకి ఎరువు అక్కర్లేదు. నిమ్మ జాతికి ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరిలో, మేలో, సెప్టెంబర్ మొదట్లో.

చలి

డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి దిగే రోజులు కొన్ని వస్తాయి. వేప, మామిడి, మునగ, నిమ్మ మొక్కల మీద పాత దుప్పటి నేలదాకా కప్పి, పొద్దున్న ఎండ రాగానే తీసేయండి. ప్లాస్టిక్ కవరు ఆకుకి తగిలితే అక్కడే మాడుతుంది. చలికి మాడిన కొమ్మల్ని చూసి జనవరిలోనే కోసేయకండి, మార్చిలో చిగురు ఎక్కడిదాకా వచ్చిందో చూసి అప్పుడు కోయాలి. మునగ మొదలంటా పోయినట్టుంటుంది, మళ్ళీ కింది నుంచి లేస్తుంది.

ఇండియా వెళ్ళే ముందు

పిల్లలకి సెలవులిచ్చేది మే చివర్లో, మనం ఊరెళ్ళేది అప్పుడే, చెట్టుకి మన అవసరం ఎక్కువుండేదీ అప్పుడే. బయల్దేరే రెండు వారాల ముందు ప్రతి ఎమిటరూ చూడండి. టైమర్‌లోని చిన్న బ్యాటరీ మార్చండి, కొన్ని పాత టైమర్లు కరెంటు పోయి వస్తే మీరు పెట్టిన లెక్క మర్చిపోయి సొంతంగా రోజూ పది నిమిషాలకి వెళ్ళిపోతాయి. వెళ్ళే ముందురోజు చెట్లన్నిటికీ మూడడుగులు దిగేలా ఒకసారి నీళ్ళు పెట్టండి. ఇంటి పక్కవాళ్ళకి తాళంతో పాటు ఆ ఇనుప చువ్వ కూడా ఇచ్చి, ఎలా గుచ్చాలో చూపించండి, వారానికి ఒకసారి గుచ్చి ఎన్ని అంగుళాలు దిగిందో వాట్సాప్‌లో పెట్టమనండి.

పడిపోయిన మెస్కీట్‌కి పది అడుగుల అవతల ఇప్పుడు మా డెసర్ట్ మ్యూజియం పాలో వెర్డే ఉంది. కిందటి అక్టోబర్‌కి గుబురు తొమ్మిది అడుగులైంది. ఎమిటర్లు ఇంకో అడుగున్నర బయటికి జరిపి, ఐదోదీ ఆరోదీ కలిపాను. మర్నాడు గుచ్చితే చువ్వ పిడిదాకా దిగింది.